సప్తర్షుల నడుమ ఎడము

పెండ్లిపందిరిలో మాంగల్యధారణము, తలంబ్రాలు ముగిసిన పిమ్మట పురోహితుడు వధూవరులను వెలుపలికి తీసికొనివచ్చి ఉత్తరదిక్కునకు చేయిచాచి అరుంధతిని చూపును. ముహూర్తము పగటిపూటదైనను చూపును, మబ్బు పట్టియున్నను చూపును. వధువు తలవంచుకొనియు, వరుడు తలయెత్తియు, కనబడినదని ఇద్దరును ఒప్పుకొందురు. రాత్రి ముహూర్తములందైనను పందిటి విద్యుద్దీపముల వెలుగులో నిజముగా ఆ చుక్కను చూచిన దంపతులెందరో చెప్పుట కష్టము. ఇది ఎగతాళికి చెప్పిన మాట కాదు. కంటికి ఆనని ఆ చిన్నచుక్కను చూపుటకు మన పెద్దలు ఒక పద్ధతి ఏర్పరచిరి. ముందుగా తేలికగా కనబడు పెద్దచుక్కను చూపి, అదియే అరుంధతి అందురు. చూపు అక్కడ కుదిరిన తరువాత, అది కాదు, దాని ప్రక్కనున్న సన్నని చుక్క అందురు. వేదాంతులు ఈ బోధనాపద్ధతికి స్థూలారుంధతీ న్యాయమని పేరు పెట్టిరి. మొదట చెప్పినది అబద్ధము కాదు, మెట్టు. ఆ మెట్టుమీదనే నిలిచిపోయినచో మాత్రము అది అబద్ధమగును.

ఈ న్యాయమును ఆకాశమునకంతటికిని పట్టింపవలసియున్నది. పాఠశాలలలో సామాన్యముగా మనము పిల్లలకు చూపుచున్నది స్థూలాకాశము మాత్రమే. నల్లని కాగితముపై తెల్లని చుక్కలు, చుక్కకును చుక్కకును నడుమ గీత, ప్రక్కన ఒక పేరు. ముంగిట పెట్టిన చుక్కల ముగ్గువలె ఆకాశము చదునుగా పరచబడియుండును. ఆ పటము చూచి పెరిగిన బాలునకు ఏడుగురు ఋషులును ఒకే అరుగుమీద ప్రక్కప్రక్కన కూర్చుండిరని తోచుట సహజము. పెద్దవాడై అతడు కవియైనను, ఉపాధ్యాయుడైనను, పురోహితుడైనను ఆ అరుగు విడిచి లేవడు. నక్షత్రమండలము ఆకాశములో పడియున్న ఒక వస్తువు కాదనియు, వేరువేరు దూరములందున్న చుక్కలకును మనము నిలిచియున్న చోటునకును నడుమ ఏర్పడిన సంబంధమనియు అతనికి ఎవరును చెప్పరు. పొడవు వెడల్పులతోబాటు ఆకాశమునకు లోతు కలదన్న మాట పుస్తకములలో లేకపోలేదు. కాని అది వేరొక పాఠములో, వేరొక ఉపాధ్యాయుని గంటలో, అంకెల రూపమున వచ్చును. చుక్కల పేర్లు ఒక గదిలోను, వాని దూరములు మరియొక గదిలోను ఉండిపోవును.

సప్తర్షిమండలమునే తీసికొందము. వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన వరుసనుబట్టి తూర్పుకొనయందు మరీచి, తరువాత అరుంధతితో కూడిన వసిష్ఠుడు, పిదప అంగిరసుడు, అత్రి, పులస్త్యుడు, పులహుడు, చివర క్రతువు. కాంతి ఒక సంవత్సరములో పోవు దూరమును కాంతిసంవత్సరమందురు. అది సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. ఆ కొలతలో వసిష్ఠుడు మొదలు పులహుని వరకు గల ఐదుగురును మనకు ఇంచుమించు 80 నుండి 83 కాంతిసంవత్సరముల దూరమున ఉన్నారు. మరీచి 104 కాంతిసంవత్సరముల దూరమునను, క్రతువు 123 కాంతిసంవత్సరముల దూరమునను ఉన్నారు. ధ్రువుని వెదకుటకు మనము జంటగా వాడుకొను చుక్కలు పులహక్రతువులే. ఆ ఇద్దరి నడుమ ఎడము నలువది కాంతిసంవత్సరములకు మించినది, మనకును పులహునకును గల దూరములో సగమునకు ఎక్కువ. ప్రక్కప్రక్కన కనబడినంతమాత్రమున ఇరుగుపొరుగు వారు కారు.

లోతు దూరమునకే కాదు, కాలమునకును చెందినది. ఈ రాత్రి మన కంటబడు అత్రి వెలుగు ఎనుబది ఏండ్లనాడు బయలుదేరినది. క్రతువు వెలుగు బయలుదేరుటకును హైదరాబాదులో నిజామియా నక్షత్రశాల వెలయుటకును ఇంచుమించు ఒకటే కాలము. ఏడుగురిని ఒక్క చూపులో చూచుచున్నామనుకొందుము గాని, ఆ చూపులో ముత్తాతల కాలమును తండ్రుల కాలమును కలిసియున్నవి.

ఇంతకంటె విచిత్రమైన సంగతి 1869లో రిచర్డ్ ప్రాక్టర్ అను ఆంగ్ల ఖగోళశాస్త్రజ్ఞుడు గుర్తించెను. నడుమనున్న ఐదు చుక్కలును ఒకే దిశగా, ఒకే వడితో పోవుచున్నవి. ఒక్క మేఘములో ఇంచుమించు ఒక్కమారుగా పుట్టిన తోబుట్టువులవి. వాని వయస్సు 40, 50 కోట్ల ఏండ్లని నేటి అంచనా. మరీచియు, క్రతువును ఆ కుటుంబములోని వారు కారు. వారి దూరము వేరు, దారియు వేరు. పెండ్లివారు నిలువబడి ఛాయాచిత్రము తీయించుకొనుచుండగా వెనుక వీధిలో పోవుచు పటములో పడిన బాటసారుల వంటివారు వారిద్దరు. లక్ష ఏండ్లు గడచినచో ఐదుగురును కలిసియే ఉందురు, రెండు కొనలును మాత్రము వంకరపోయి ఈ గరిటె ఆకారము గుర్తుపట్టరానిదగును.

ఈ సంగతులు తెలిసిన తరువాత మనవారిలో రెండు ధోరణులు కనబడుచున్నవి. మొదటిది విజ్ఞానమును ఉన్నదానికంటె కఠినముగా పలుకువారిది. రాశులు, నక్షత్రమండలములు అన్నియు కంటి భ్రమలే, వానికి పెట్టిన పేర్లు పుక్కిటి పురాణములే, పారవేయుడు అందురు. రెండవది పూర్వుల గౌరవము కాపాడు భారము తమమీద పడినదని తలచువారిది. అరుంధతీ వసిష్ఠులు ఒకరి చుట్టు ఒకరు తిరుగు జంటనక్షత్రములనియు, మన ఋషులు ఆ రహస్యమును ముందే యెరిగి పెండ్లితంతులో చేర్చిరనియు వీరందురు.

రెండవవారికి సమాధానము చెప్పుట తేలిక. అరుంధతీ వసిష్ఠుల నడుమ నేటి లెక్కలలో సుమారు ఒక కాంతిసంవత్సరమునకు పైబడిన ఎడమున్నది. ఆ రెండును పరస్పరాకర్షణచేత బద్ధములై తిరుగుచున్నను ఒక ప్రదక్షిణమునకు లక్షలాది ఏండ్లు పట్టును. ఏ ఋషి ఎంత తపస్సు చేసినను వట్టికంటితో దానిని చూడజాలడు. చంద్రబింబపు వ్యాసములో మూడవవంతుకు కొంచెము మించిన ఎడముతో రెండు చుక్కలు ప్రక్కప్రక్కన కనబడినవి, చూచినవారికి ముచ్చట వేసినది, ఆలుమగలన్నారు. ఆ ముచ్చటకు దూరదర్శిని సాక్ష్యము అక్కరలేదు. నిజము చెప్పవలెనన్నచో దూరదర్శిని సాక్ష్యము వీరికి చిక్కులే తెచ్చును. వసిష్ఠుడు దూరదర్శినిలో రెండు చుక్కలు, వర్ణపటములో పరీక్షించినచో నాలుగు. అరుంధతికి సైతము ఒక చిన్న తోడుచుక్క ఉన్నట్లు 2009లో బయటపడినది. ఆరు చుక్కల సంసారమును పాతివ్రత్యమునకు నిదర్శనముగా చూపబోయినచో పురోహితుడు చాల సేపు మాటాడవలసివచ్చును.

మొదటివారి మాట ఇంతకంటె ప్రమాదకరమైనది, ఎందుకనగా అది శాస్త్రమువలె వినబడును. సప్తర్షుల ఆకారము భ్రమ కాదు. ఏడు చుక్కలును ఏ ఏ దూరములందున్నను, సూర్యునికి చేరువగా నిలిచినవానికి అవి ఇట్లే కనబడును, మరియొక చోట నిలిచినవానికి ఇట్లు కనబడవు. ఎవరైనను ఎక్కడనో గీసిన ఆకాశపు పటములో ఈ ఆకారము యథాతథముగా ఉన్నచో, దానిని గీసినవాడు సూర్యుని పరిసరములవాడని చెప్పవచ్చును. అది మన ఇంటి చిరునామా. చిరునామాను భ్రమ అనుట ఎట్లు? లోతు తెలిసిన తరువాత ఆకారమునకు విలువ తగ్గలేదు, దాని అర్థము తెలిసినది.

ఇక కథల సంగతి. అరణ్యపర్వములోని కుమారస్వామి జననకథను చదివినవారికి ఒక విషయము జ్ఞాపకముండును. సప్తర్షుల భార్యలలో ఆరుగురి రూపములను స్వాహాదేవి ధరింపగలిగెను, ఏడవదియైన అరుంధతి రూపమును మాత్రము ధరింపలేకపోయెను. ఆ అపవాదుచేత భర్తలకు దూరమైన ఆరుగురును ఆకాశములో కృత్తికలైరి. మన పల్లెలలో పిల్లలకోడి అని పిలుచు చుక్కల గుంపు అదియే. ఇప్పుడు దూరములు చూడుడు. భర్తలు 80 మొదలు 123 కాంతిసంవత్సరముల లోపల ఉన్నారు. కృత్తికలు సుమారు 444 కాంతిసంవత్సరముల దూరమున ఉన్నవి. అరుంధతి మాత్రము వసిష్ఠుని ప్రక్కనే ఉన్నది. కథ చెప్పినవానికి ఈ లెక్క తెలియదు, తెలియుటకు వీలు లేదు. అయినను ఒక కథను ఇంత లోతైన రంగస్థలముపై నిలిపి చూచుట తెలుగు కవికి నేడు లభించిన భాగ్యము. దానిని వాడుకొన్న కవులు మనకు అరుదు. ఆకాశమును వర్ణింపవలసివచ్చినప్పుడు నేటికిని నల్లచీరపై చమ్కీలు కుట్టుచునే ఉన్నాము.

రోహిణి మాటయు అంతే. చంద్రుని ఇరువదియేడుగురు భార్యలలో ఆమె ప్రియమైనది. ఎఱ్ఱగా వెలుగు ఆ చుక్కయు, దాని ప్రక్క చుక్కలును కలిసి బండి ఆకారముగా కనబడుటచేత రోహిణీశకటమని జ్యోతిషులు వ్యవహరించిరి. శని దానిని భేదించినచో అనర్థమన్నారు. ఆ బండిలోని చుక్కలు నిజమైన గుంపే, మనకు సుమారు 153 కాంతిసంవత్సరముల దూరమున ఉన్నవి. రోహిణి మాత్రము 65 కాంతిసంవత్సరముల దూరముననే, బండికి సగము దారిలోపలనే నిలిచియున్నది. బండి యెక్కినట్లు కనబడు ఆమె బండిని ఎన్నడును ఎక్కలేదు.

పూర్వులకు లోతు తోచలేదని కాదు. విష్ణుపురాణములో సూర్యునికి పైన చంద్రుడు, చంద్రునికి పైన నక్షత్రమండలము, గ్రహములన్నియు దాటిన తరువాత సప్తర్షులు, వారికి లక్ష యోజనముల పైన ధ్రువుడు ఉన్నట్లు చెప్పబడినది. అంకెలు సరికావు, వరుసయు సరికాదు. అయినను చుక్కలన్నియు ఒక్క ఎత్తున లేవన్న ఊహ అందున్నది. లెక్కలలో గట్టివారైన సిద్ధాంతకర్తలు ఆ అంతస్తులను తీసివేసి, నక్షత్రములన్నిటిని ఒకే కక్ష్యలో పెట్టిరి. సూర్యసిద్ధాంతమును బట్టి ఆ కక్ష్య సూర్యకక్ష్యకు అరువది రెట్లు. ఇక్కడ పురాణమే సిద్ధాంతముకంటె సాహసించినదనుట తప్పు కాదు. సిద్ధాంతులకు అనుకూలముగా చెప్పవలసిన మాటయు ఒకటి కలదు. చోటు మారినచో వస్తువు మారినట్లు కనబడుటను వారు ఎరుగుదురు, దానికి లంబనమని పేరు పెట్టి గ్రహణముల లెక్కలలో వాడిరి. చంద్రునికి లంబనము కలదు గనుక అతని దూరము తేలినది. చుక్కలకు కనబడలేదు గనుక అన్నిటిని ఒక గోడమీద అంటించిరి.

ఐరోపాలోను ఇదే గోడ అడ్డమువచ్చినది. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నచో ఆరునెలల ఎడముతో చూచినప్పుడు దగ్గరి చుక్క దూరపు చుక్కలమీద కొంచెము జరిగినట్లు కనబడవలెను గదా, కనబడదేమి, కనుక భూమి కదలదు అని టైకో బ్రాహీ వాదించెను. వాదములో దోషము లేదు, చుక్కలు అంత దూరముండునన్న ఊహకు అతని మనస్సు ఒప్పలేదు, అంతే. ఈ కథలో వసిష్ఠుడు మరల కనబడుట తెలుగు పాఠకునకు ముచ్చట గొలుపును. 1617లో కాస్టెల్లి అను శిష్యుడు వ్రాయగా గెలీలియో తన దూరదర్శినిని వసిష్ఠనక్షత్రమువైపు త్రిప్పి అది రెండుగా ఉండుట చూచెను. పెద్దది దగ్గరను, చిన్నది చాల వెనుకను ఉండునని తలచి, ఆ రెంటి నడుమ ఎడములో మార్పు కనబడినచో భూభ్రమణము రుజువగునని ఆశించెను. మార్పు కనబడలేదు. ఏలయన, అవి నిజముగానే ఇరుగుపొరుగు చుక్కలు. లోకమంతయు దూరముగా నున్నవానిని దగ్గరివని భ్రమపడుచుండగా, ఆ మహానుభావుడు దగ్గరివానిని దూరమని భ్రమపడెను. అదే ఆశతో జంటచుక్కలను ఏండ్ల తరబడి వెదకిన విలియం హెర్షెల్ సైతము 1803 నాటికి వెదకినదానిని కనుగొనక, వానిలో కొన్ని ఒకదాని చుట్టు ఒకటి తిరుగుచున్నవన్న వేరొక నిజమును కనుగొనెను.

చివరకు 1838లో కోనిగ్స్‌బర్గులో బెస్సెల్ అను శాస్త్రజ్ఞుడు హంసరాశిలోని 61వ చుక్కకు లంబనమును కొలిచి ప్రకటించెను. ఆ కోణము సెకనులో మూడవవంతునకు లోబడినది. రెండున్నర సెంటీమీటర్ల నాణెమును 16 కిలోమీటర్ల దూరమునుండి చూచినచో ఎంత కనబడునో అంత. ఆ చుక్క దూరము సుమారు 11 కాంతిసంవత్సరములు. ఆ సంవత్సరమే లండనులో చార్లెస్ వీట్‌స్టన్ రెండు కన్నులకు రెండు వేరువేరు చిత్రములు చూపి మనస్సులో ఒకే ఘనరూపము పుట్టించు స్టీరియోస్కోపు యంత్రమును రాయల్ సొసైటీకి వివరించెను. ఒకరి పని ఒకరికి సంబంధము లేనిది. అయినను ఇద్దరు చేసినదియు ఒక్కటే. మన రెండు కన్నుల నడుమ ఆరున్నర సెంటీమీటర్ల ఎడముండుటచేతనే చెంబునకు గుండ్రన, వాకిటికి లోతు తెలియుచున్నది. బెస్సెల్ భూకక్ష్యకు ఇరుప్రక్కలను, 30 కోట్ల కిలోమీటర్ల ఎడముతో, రెండు కన్నులు పెట్టి చూచెను.

అటుపిమ్మట జరిగినదంతయు ఆ చూపునకు పదును పెట్టుటయే. ఇందు మనవారి చేయి కూడ ఉన్నది, ఆ సంగతి మనలో చాలమంది మరచిరి. ఆకాశమునంతటిని గాజుపలకలపై ఛాయాచిత్రములుగా తీయుటకు 1887లో పారిసులో ఏర్పడిన అంతర్జాతీయ ప్రయత్నములో ఖగోళమధ్యరేఖకు దక్షిణముగా 17 నుండి 23 అంశల వరకుగల పట్టీ హైదరాబాదు నక్షత్రశాల వంతునకు వచ్చినది. అనూరాధలోని పై రెండు చుక్కలు ఆ పట్టీలోనివే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించి, తరువాత 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆ నక్షత్రశాలలో ఏండ్ల తరబడి పలకలు తీసి, చుక్క చుక్కకు స్థానము కొలిచి, సంపుటములుగా అచ్చువేసిరి. ఆ పని చేసినవారికి చుక్కల దూరములేమియు తెలియలేదు. విసుగు పుట్టించు అంకెలు మాత్రమే మిగిలినవి. కాని శతాబ్దము గడచిన పిమ్మట, 2000లో వెలువడిన టైకో-2 అను పట్టికలో ఇరువదియైదు లక్షల చుక్కల గమనములను నిర్ణయించుటకు హైదరాబాదు కొలతలతోగూడిన ఆ పాత సంపుటములు ఆధారమైనవి. నాడు ఎక్కడ నుండెను, నేడు ఎక్కడ నున్నది అని పోల్చినప్పుడే గదా ఏ చుక్క ఏ దారిని పోవుచున్నదో, ఎవరు ఎవరి కుటుంబమో తెలియునది.

1989లో ఐరోపావారు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహము 1,18,000 చుక్కల దూరములను కొలిచెను. 2013లో పంపబడి 2025 జనవరిలో పరిశీలనలు ముగించిన గైయా ఉపగ్రహము కొలిచిన లంబనములు, 2022లో వెలువడిన పట్టికనుబట్టి, 146 కోట్లకు పైబడినవి. అయినను మిక్కిలి ప్రకాశవంతమైన చుక్కలను చూచుట గైయాకు కష్టము. ఎక్కడనో మిణుకుమను కోట్ల చుక్కలను కొలిచినది గాని, మన వాకిటనుండి కనబడు సప్తర్షులలో పెద్దవాని దూరములకు ప్రధానముగా పాత హిప్పార్కసే ఆధారము. ఆ హిప్పార్కసు కూడ కృత్తికల దగ్గర తడబడినది. 390 కాంతిసంవత్సరములన్నది. ఇతర పద్ధతులవారు 440కి తక్కువ కాదన్నారు. ఇరువర్గముల వాదము పదునేడేండ్లు సాగి, 2014లో రేడియో దూరదర్శినులతో కొలిచిన 444 అంకెతో సద్దుమణిగినది. లోతు మనకు ఉచితముగా రాలేదు, ఒక్కొక్క అంకెయు తగవులాడి తెచ్చుకొన్నది.

2020 ఏప్రిలులో ఒక ప్రయోగము జరిగినది. ప్లూటోను దాటి 700 కోట్ల కిలోమీటర్ల దూరమునకు పోయిన న్యూ హొరైజన్స్ నౌక అక్కడనుండి ప్రాక్సిమా సెంటారి, వుల్ఫ్ 359 అను రెండు సమీపనక్షత్రములను చిత్రించెను. అదే సమయమున భూమినుండియు చిత్రములు తీసిరి. రెండు చిత్రములను రెండు కన్నులతో కలిపి చూచినచో ఆ చుక్క మిగిలిన చుక్కల గుంపునుండి విడివడి ముందుకు వచ్చి నిలుచును. గాయకుడును ఖగోళశాస్త్రజ్ఞుడును అయిన బ్రయాన్ మే ఆ జంటచిత్రములను సిద్ధపరచెను. గణితములేమియు అక్కరలేక, సామాన్యుడు తన కంటితో నక్షత్రపు లోతును చూడగలుగుట సామాన్యమైన విషయము కాదు. కాని ఆ చిత్రములో కదలినది ఒక్క చుక్కయే. అంత దూరము పోయి చూచినను సప్తర్షిమండలము వట్టికంటికి వెంట్రుకవాసియైనను మారదు.

దీనిని గుర్తుంచుకొననిచో నేటి కంప్యూటరు చిత్రములు మనలను మరియొక విధముగా మోసపుచ్చును. ఇప్పుడు తెరమీదను, రంగు కళ్ళజోళ్ళతోను, అరచేతి ఫోనులోను నక్షత్రముల నడుమనుండి దూసుకొనిపోవు దృశ్యములు చూపుచున్నారు. రెండు నిమిషములలో సప్తర్షులు చెదరిపోవుదురు, కృత్తికలు దాటిపోవును, పిల్లలు కేకలు వేయుదురు. వద్దనరాదు, వేడుకగానే ఉండును. అయితే ఆ వేగము కాంతి వేగమునకు ఎన్ని కోట్ల రెట్లో, ఆ కళ్ళజోడులోని లోతు పుట్టుటకు చూచువాని కన్నుల నడుమ ఎన్ని కాంతిసంవత్సరముల ఎడము కల్పించిరో చెప్పరు. చదునైన పటము లోతును దాచినది, ఈ దృశ్యము లోతును చౌక చేయుచున్నది. మొదటి దానిలో మనము నిలిచిన చోటునకు విలువ తెలియలేదు, రెండవదానిలో మనము ఎక్కడను నిలువము.

ఇంతకంటె ఒక దారపుండ, కొన్ని పూసలు మేలు. పది కాంతిసంవత్సరములకు ఒక అడుగు చొప్పున లెక్క పెట్టుకొని తరగతిగదిలోనే సప్తర్షులను కట్టవచ్చును. గది కొననొక మేకు కొట్టి, అది మన కన్ను అనుకొనవలెను. దానికి అడుగు దూరమున సప్తర్షిపటమును గీసిన అట్టను నిలిపి, చుక్క చుక్కకు బెజ్జము వేసి, మేకునుండి ఒక్కొక్క బెజ్జము గుండా దారమును లాగి, ఐదు దారములకు ఎనిమిది అడుగుల దగ్గర పూసలు గ్రుచ్చవలెను. మరీచి పూస పది అడుగుల ఐదంగుళముల దగ్గర, క్రతువు పూస పండ్రెండడుగుల నాలుగంగుళముల దగ్గర. రోహిణిని కట్టదలచినచో ఆరున్నర అడుగులు, ఆమె బండికి పదునైదు అడుగులు. కృత్తికలకు నలువదినాలుగడుగులు కావలెను, గది చాలదు, వసారా దాటి పెరటిలో చెట్టుకు కట్టుకొనవలసినదే. అందరికంటె దగ్గరిదైన ఆల్ఫా సెంటారి మేకునకు ఐదంగుళముల దూరములో ఉండును. ఈ కొలతలో భూకక్ష్య వెడల్పు, అనగా బెస్సెల్ వాడుకొన్న రెండు కన్నుల నడుమ ఎడము, మిల్లీమీటరులో వేయవవంతు. ఆ ఎడముతో పూసల లోతు కనిపెట్టినవారి ఓర్పు ఎట్టిదో పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ పూసలను చూచు బాలుని కన్నుల నడుమ ఎడము అదే కొలతలో రెండు కాంతిసంవత్సరములు. కనుకనే అతనికి ఋషుల లోతు ఇట్టే తెలియును.

ఈ పని ఒక్క విజ్ఞానోపాధ్యాయుని వలన కాదు. అతడు ఈ చుక్కలను ఉర్సా మేజర్ అనును, డూభే అనును, ఆల్కైద్ అనును. పెండ్లిలో తన అక్కకు చూపిన చుక్క ఇదియే అని విద్యార్థికి తోచదు. తెలుగు ఉపాధ్యాయుడు అరుంధతిని గూర్చి పద్యము చెప్పును, ఎప్పుడైనను విద్యార్థులతో రాత్రిపూట మేడమీదికి పోయి ఆమెను చూపినవాడు కాడు. ఇద్దరును కలిసి ఒక్క సాయంకాలము దారములు కట్టినచో చాలును. క్రతువు అన్న పేరును, 123 అన్న అంకెయు ఒకే పూసకు కట్టుబడును. వీధిదీపములచేత పట్టణములలో చుక్కలు కనబడని మాట నిజమే. అయినను సప్తర్షులు ప్రకాశము గలవారు. ఏప్రిలు, మే నెలలలో రాత్రి భోజనముల వేళ ఉత్తరమున మంచి ఎత్తులో ఉందురు. దీపపు స్తంభమునకు వీపు త్రిప్పి నిలిచినచో కనబడుదురు.

అరుంధతి పూస కొంచెము చిన్నది ఎన్నుకొనవలెను. అది వసిష్ఠుని పూసకు అంగుళమున్నరకు అటునిటుగా ఉండవలెను. అన్నియు కట్టుట ముగిసిన తరువాత పిల్లలను ఒకరి తరువాత ఒకరిని మేకు దగ్గర కన్ను పెట్టి చూడనీయవలెను. పటములోని గరిటె ఆకారము చక్కగా కనబడును. తరువాత రెండు అడుగులు ప్రక్కకు జరుగుమనవలెను. మరీచియు, క్రతువును తమ చోటులనుండి జరిగిపోయి ఆకారము విడిపోవును. కిటికీ దగ్గరకు పోయినచో మరియొక ఆకారము, తలుపు దగ్గర ఇంకొకటి. గది అంతయు తిరిగి ఏ మూలనుండి చూచినను వసిష్ఠుని పూసయు, చిన్న పూసయు మాత్రము ప్రక్కప్రక్కనే కనబడుచుండును.